కింద పెట్టిన కాఫీ

మా నాయన కిరాణా దుకాణంలో నాకు నేర్పిన విద్యల్లో గట్టిగా నిలిచిపోయింది ఒకటే. బేరం తెగకముందు అవతలివాడి చాయ్ ముట్టొద్దు. జగిత్యాలకు బెల్లం కొనడానికి వెళ్లినా, నిజామాబాదుకు పసుపు కొనడానికి వెళ్లినా దళారి ముందుగా చాయ్ తెప్పిస్తాడు. అది తాగితే నోరు మెత్తబడుతుంది. "ఆయన చాయ్ తాగి ఆయన సరుకుకు వంక వెట్టనీకె నోరెట్లొస్తదిరా?" అనేవాడు నాయన. కాబట్టి తెచ్చిన చాయ్‌ని ముందర అలాగే ఉంచుకొని, మీగడ కట్టేదాకా మాట్లాడి, ధర తెగాక చల్లారినదాన్ని ఒక్క గుక్కలో మింగి లేవాలి. అలా నేను చల్లారిన చాయ్ తాగుతూనే పెరిగాను. ఇప్పటికీ పొగలు కక్కేది ఏదైనా నోట్లో పోసుకుంటే నాలుక కాలుతుంది, మా ఇంట్లో వాళ్లు నవ్వుతారు.

ఆ విద్యను నేను ఒమాన్‌లో ఒక కొండ మీద వాడాను. దానివల్ల ఒక ముసలాయన మేకలకు నీళ్లు లేకుండా పోయాయి. ఈ సంగతి రాద్దామని ఎన్నోసార్లు కూర్చున్నాను. ప్రతిసారీ నన్ను నేను కాస్త మంచివాడిగా చూపించుకునే చోటికి వచ్చి కలం ఆగిపోయేది. ఈసారి ఆ చోటు దాటాలి.

ఎనభైల చివర్లో వెళ్లాను. అప్పటికే మా చుట్టుపక్కల ఊళ్ల నుంచి చాలామంది అక్కడ ఉన్నారు. రాయి మోసేవాళ్లు, సెంట్రింగ్ కొట్టేవాళ్లు, ప్లాస్టరింగ్ చేసేవాళ్లు. నాకు ఆ పనులేవీ రావు. తూకం వేయడం వచ్చు, సరుకుకు వంక పెట్టడం వచ్చు. మస్కట్ దగ్గర అల్ మవాలేలో ఒక కట్టుబడి కంపెనీ స్టోరులో పని దొరికింది. సిమెంటు, చువ్వలు, పైపులు, మేకులు కొనుక్కురావడం నా డ్యూటీ. రువీ బజారులో హార్డ్‌వేర్ దుకాణాల వాళ్లు నన్ను దూరం నుంచి చూసి షట్టరు సగం దించేవాళ్లని మా డ్రైవర్లు చెప్పుకొనేవాళ్లు. అది అబద్ధం. కాని నేను ఎప్పుడూ ఖండించలేదు.

తొంభైల మొదట్లో మా కంపెనీకి ఒక కొండ మీద హోటలు కట్టే పని వచ్చింది. కొండ పేరు రాయను. నిజ్వా దాటి చాలా దూరం పోయాక తారు రోడ్డు ఆగిపోతుంది. అక్కడి నుంచి కంకర దారి, మొదటి గేరులో ఏడుస్తూ ఎక్కే బండి, పక్కన చూస్తే అడుగు కనబడని లోయ. పైకి చేరాక మాత్రం నమ్మబుద్ధి కాదు. జూన్ నెల, కింద మస్కట్‌లో కుళాయి నీళ్లు చేతులు కాలుస్తుంటే, పైన మేము దుప్పటి కప్పుకొని పడుకున్నాం. "అచ్చం ఊటీ లెక్కనే ఉన్నది" అని కూలీలు అనుకున్నారు. మాలో ఊటీ చూసినవాడు ఒక్కడూ లేడు.

నాతో పాటు పైకి వచ్చినవాళ్లలో మెట్‌పల్లి దగ్గరి మేస్త్రి ఒకాయన ఉన్నాడు. నాకంటే నాలుగేళ్లు చిన్న. పని వచ్చినవాడు, నోరు కూడా వచ్చినవాడు. నన్ను "సేటూ" అని పిలిచేవాడు. నా జీతం తన జీతం కంటే తక్కువని తెలిసి కూడా అలాగే పిలిచేవాడు, అదీ ఆ పిలుపులోని ఎత్తిపొడుపు.

ఆ కొండ నెత్తి మీద ఉన్నది వేసవి మేతబయలు. బయలు అనగానే పచ్చగా ఊహించుకుంటే మోసపోతారు. నేనూ మొదటి రోజు చూసి, ఇక్కడ మేక ఏం తింటుంది, గులకరాళ్లా అనుకున్నాను. రాళ్ల సందుల్లో మోకాలెత్తు పొదలు, వాన పడ్డప్పుడు కొన్ని వారాలు బతికే గడ్డి, అక్కడక్కడ అడవి ఆలివ్, అలాలాన్ అనే చెట్టు. ఈ అలాలాన్ మన సరుగుడుకి దూరపు చుట్టంలా ఉంటుంది, కాకపోతే వందల ఏళ్లు బతికి మెలికలు తిరిగి ఉంటుంది. మేకకు అదంతా అన్నమే. ఎండలు ముదిరే ముందు ఒక ముసలాయన కింద లోయలోని ఊరి నుంచి మేకలను పైకి తోలుకొచ్చేవాడు. చలి మొదలయ్యాక దిగిపోయేవాడు. ఆయన తండ్రి అలాగే చేశాడు, తాత అలాగే చేశాడు. వేసవిలో కింద ఊళ్లో మేకకు మేత ఉండదు, పైగా వేడికి పొట్టలో పిల్లలు నిలవవు.

మేత ఒక్కటే ఉంటే చాలదు. అంత ఎత్తున ఊట లేదు, వాగు లేదు. ఉన్నది ఒక్క బిర్కా. వాన నీళ్లు నిలిపే తొట్టి. ముసలాయన తాత రాతిని తొలిచి, చుట్టూ గోడ కట్టి, మట్టీ సున్నం కాల్చి చేసిన గారతో లోపలంతా మెత్తాడట. పైన నాలుగు వైపుల నుంచీ వాన నీరు దాంట్లోకి వచ్చేలా రాళ్లతో సన్నటి కాలువలు పేర్చి ఉండేవి. శీతకాలంలో రెండు మంచి వానలు పడితే వేసవంతా మేకలు తాగేవి. మా మేస్త్రి మొదటిసారి దాంట్లోకి దిగి గోడను గోటితో గీకి చూశాడు.

"సేటూ, ఇది మన డంగు సున్నం లెక్కనే ఉన్నది. గడీలల్ల ఉంటదే, అట్ల. మనం గలిపే సిమెంటు దీని ముంగట బూడిదే."

ముసలాయనను మేమందరం "షేబా" అని పిలిచేవాళ్లం. పెద్దాయనా అని అక్కడి పిలుపు. ఎండిన చింతకాయలా ఉండేవాడు. ఆయన భార్య మేక వెంట్రుకలు వడికి జంపఖానాలు నేసేది. మన కురుమల గొంగడిలాంటివే, కాకపోతే నలుపు మీద ఎర్ర చారలు. నేసినవి తెచ్చి మా స్టోరు ముందు పరిచేది. వేసవంతా ఒక్క జంపఖానా మీద మా ఇద్దరికీ బేరం నడిచింది.

"పదిహేను రియాళ్లు" అనేది.

"ఎనిమిది" అనేవాణ్ని.

"ఎనిమిదికి దారం కూడా రాదు. నీ తల మీది వెంట్రుకలు కత్తిరించి ఇవ్వు, దాంతో నేసిస్తాను."

అప్పటికే నా నడినెత్తి ఖాళీ అవుతోంది. ఆమె దాని వైపు చూసి, "అయ్యో, అదీ లేదే" అని తనే జాలిపడేది. పక్కన రాయి మీద కూర్చున్న షేబా పళ్లు లేని నోటితో నవ్వేవాడు. "వీడు కొనడు. వీడికి కావలసింది ధర. జంపఖానా కాదు" అనేవాడు. నా గురించి అంత సరిగ్గా ఎవరూ చెప్పలేదు, మా నాయనతో సహా.

కూలీలకు పండుగ రోజుల్లో మాంసానికి మేకను కొనేది కూడా నేనే. షేబా మేకను తోలుకొని సైటుకు వచ్చేవాడు. నిలబడే బేరం చేసేవాళ్లం. ఆయన భుజాన మోసుకొచ్చిన తిత్తి నీళ్లు ఇస్తే వద్దనేవాణ్ని. బేరం లేని సాయంత్రాలు మాత్రం వాళ్లు ఉండే రాతి గుడిసెకు వెళ్లి కాఫీ తాగేవాణ్ని. పిడి లేని చిన్న గిన్నెలో, యాలకుల వాసనతో, చక్కెర లేని కాఫీ. ముందు ఖర్జూరం. చాలనుకుంటే గిన్నెను అటూ ఇటూ ఊపి ఇవ్వాలి. అలా కాఫీ తాగిన రోజు బేరం లేదు, బేరమున్న రోజు కాఫీ లేదు. ఆ రెండు రకాల రోజులూ ఒకదానికొకటి ఎదురుపడలేదు.

రెండో వేసవి నాటికి మొదటి పది గదులు లేచాయి. అప్పుడు మస్కట్ నుంచి కొత్త పటం వచ్చింది. ఇంకో ఇరవై గదులు, అన్నీ లోయకు ఎదురుగా. వాటికి చదునైన నేల కావాలి. ఆ కొండ నెత్తి మీద చదునుగా ఉన్నది బిర్కా చుట్టూ ఉన్న జాగానే. పైగా కట్టడానికి నీళ్లూ అక్కడే ఉన్నాయి. కాగితాలన్నీ మస్కట్‌లో తయారయ్యాయి, ఒక్కటి తప్ప. బిర్కా ఆ ముసలాయన కుటుంబానిది, ఆయన సరేనంటే గాని నేను ముద్ర వేయనని కింద ఊరి పెద్ద తేల్చి చెప్పాడు.

మా మేనేజరు ఉత్తరాది మనిషి, మంచి మాటకారి. షేబా దగ్గరికి మూడుసార్లు వెళ్లాడు. మూడుసార్లూ ఖర్జూరాలు తిని, కాఫీ తాగి, లేదనిపించుకొని వచ్చాడు. ఆయన చెప్పిన డబ్బు చిన్నది కాదు. ముసలాయన కోపగించుకోలేదు, ధర పెంచమనలేదు. "వేసవిలో నా మేకలు ఎక్కడ తాగుతాయి? ఆ సంగతి చెప్పు" అని అడిగాడట.

నాలుగోసారి నన్ను పంపాడు. "నువ్వు బనియావి కదా. రాళ్ల దగ్గర కూడా ధర తగ్గిస్తావంటారు. ఏదీ, నీ హునర్ చూపించు."

ఇక్కడే నేను ఆగిపోయేది. ఉద్యోగం పోతుందని భయపడి వెళ్లానని రాయాలనిపిస్తుంది. అలాంటి భయమేమీ లేదు. మేనేజరు చేయలేనిది నేను చేస్తానా లేదా అన్న దురద, అంతే. దారిలో మేస్త్రితో గొప్పలు కూడా పోయాను. గోడ కొలతలు చూసుకోవడానికి ఆయన నాతో వచ్చాడు.

"మేనేజరు ఏడ తప్పు జేసిండో ఎరికేనా?"

"ఏడ?"

"మొదాలు కాఫీ తాగిండు. కడుపుల ఆయన కాఫీ వెట్టుకొని ఆయన జాగ ఎట్లడుగుతడు? నేనైతే ముట్ట."

"నీదంత పెద్ద సదువు సేటూ" అన్నాడు మేస్త్రి.

మధ్యాహ్నపు మేత అయి మేకలు అలాలాన్ నీడలో పడుకొని ఉన్నాయి. గుడిసె ముందు చాప మీద కూర్చున్నాం. ముసలమ్మ లోపల గుమ్మం పక్కన వడుకుతోంది. ఖర్జూరం వచ్చింది, నేను తీసుకోలేదు. మేస్త్రి రెండు తిన్నాడు. షేబా కాఫీ పోసి నాకు అందించాడు. మేస్త్రి తనది తాగి గిన్నె ఊపి ఇచ్చాడు. నేను నాది చాప మీద, నా మోకాలి ముందు పెట్టాను.

షేబా గిన్నె వైపు చూశాడు. "తాగు" అన్నాడు.

"తర్వాత. ముందు మాట" అన్నాను. నా బజారు అరబీలో ఆ ముక్క బాగానే వచ్చేది, రువీలో రోజూ వాడేదే.

లోపల తకిలి ఆగింది. అది ఆగిందన్న సంగతి నాకు ఆ తర్వాత గుర్తొచ్చింది. అప్పుడు గమనించలేదు. అప్పుడు నేను ఎక్కడ మొదలుపెట్టాలా అని లెక్కేసుకుంటున్నాను. ముందుగా జాగాకు వంక పెట్టాలి, గోడకు పగుళ్లున్నాయనాలి, మీకు వయసు మీద పడుతోందనాలి. వరుసగా అన్నీ సిద్ధంగా ఉన్నాయి.

షేబా ఒకసారి గుడిసె గుమ్మం వైపు చూశాడు. ఒకసారి మేకల వైపు చూశాడు. తర్వాత నన్ను అడిగాడు.

"ఏం కావాలి నీకు?"

"బిర్కా. దాని చుట్టూ ఉన్న చదును."

"నీకోసమా, కంపెనీ కోసమా?"

"నేనే కదా వచ్చింది" అన్నాను. అది కూడా మా నాయన విద్యే. ఎవరి కోసం కొంటున్నావో అమ్మేవాడికి చెప్పొద్దు.

ఆయన గిన్నెను మళ్లీ చూశాడు. కాఫీ మీది పొగ పోయింది.

"తాగు" అన్నాడు. "ఇచ్చాను."

నేను నవ్వాను. బేరంలో అది కొత్త ఎత్తనుకున్నాను. "ఎంతకు?" అన్నాను.

"తాగు, సదీక్" అన్నాడు మళ్లీ. సదీక్ అంటే స్నేహితుడు. ఆ మాట చాలా మెల్లగా వచ్చింది. నేను చల్లారిన కాఫీని ఒక్క గుక్కలో మింగాను, అలవాటుగా. షేబా లేచి మేకల దగ్గరికి వెళ్లిపోయాడు. ఆయన మమ్మల్ని సాగనంపకుండా లేవడం అదే మొదటిసారి.

తిరిగి వస్తుంటే మేస్త్రి అడిగాడు. "గంత జల్దీ ఒప్పుకున్నడేంది? పైసల సంగతే అడగలే?"

"మాట తీరు ఉంటదయ్యా."

"నువ్వు మాట్లాడిందే లేదు గద, సేటూ."

ఆ సాయంత్రం మేనేజరు నా వీపు తట్టి, మస్కట్‌కు వైర్‌లెస్‌లో చెప్పాడు. రెండు రోజులకు, షేబా డబ్బు తీసుకోనన్నాడని ఊరి పెద్ద మనిషి ద్వారా కబురు వచ్చినప్పుడు, నేను నమ్మలేక రెండుసార్లు అడిగించాను. ఒక్క పైసా లేకుండా ఒక జాగా! మా వంశంలో ఎవరూ అంత బేరం చేయలేదు.

ఆ కబురు వచ్చిన మర్నాడు పొద్దున ముసలమ్మ స్టోరుకు వచ్చింది. చేతిలో ఆ జంపఖానా ఉంది, పోయిన వేసవంతా మేము పోట్లాడుకున్నది. కౌంటరు మీద పెట్టి, "ఎనిమిది" అంది.

"అదేంటమ్మా, పదిహేను కదా?"

"నువ్వు ఎనిమిది అన్నావు. ఎనిమిదే ఇవ్వు."

నాకు ఏదో తప్పు జరిగిందని అప్పుడు అనిపించింది. ఏమైందని అడిగాను. ఆమె కోపంగా ఏమీ లేదు. తెలియనివాడికి దారి చెప్పినట్టు చెప్పింది. ఎవరైనా ఇంటికి వచ్చి, కాఫీ పోస్తే తాగకుండా కింద పెట్టారంటే, వాళ్లు ఒకటి అడగడానికి వచ్చారని అర్థం. అది ఇస్తే గాని ఆ ఇంట్లో గుక్క కూడా మింగరని అర్థం. ఇంటాయన ఇవ్వలేనిదైతే తప్ప లేదనడానికి లేదు. తాగమన్నాడంటే ఇచ్చేసినట్టే. ఇచ్చినదానికి డబ్బు తీసుకోరు.

"మా పిల్లను అడగడానికి వచ్చినవాళ్లు అలా పెట్టారు. మా ఆయన తమ్ముడిని బండితో గుద్ది చంపినవాడి తరఫున పెద్దలు వచ్చి, క్షమించమని అలా పెట్టారు. ఆయన బతుకులో ఆ రెండే" అంది. "నువ్వు తొట్టి కోసం పెట్టావు."

ఎనిమిది రియాళ్లు ఇచ్చాను. ఆమె తీసుకొని వెళ్లిపోయింది.

ఆ రోజంతా నేను ఆలోచించినదేమిటో నిజాయితీగా రాస్తాను. నాకు తెలియదు కదా, తెలియక చేసినది తప్పెలా అవుతుంది అని ఒక గంట. మస్కట్‌కు చెప్పేశారు కదా, ఇప్పుడు నేను వెనక్కి తీసుకుంటే మేనేజరు నవ్వుతాడు అని ఇంకో గంట. సాయంత్రానికి, వెళ్లి చెప్పేద్దామని లేచాను. షేబా, మా ఊళ్లో కాఫీ కింద పెడితే అర్థం వేరు, నేను ఏదీ అడుక్కోలేదు, బేరమే చేశాను, ఆ మాట వెనక్కి తీసుకో అని. అరబీలో మాటలు కూర్చుకుంటూ నడిచాను.

ఆయన గుడిసె దగ్గర లేడు. బిర్కాలో ఉన్నాడు. లుంగీ పైకి కట్టి, మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి, అడుగున పేరుకున్న ఒండ్రును రేకు డబ్బాతో ఎత్తి బయట పోస్తున్నాడు. ఇచ్చే వస్తువును శుభ్రం చేసి ఇస్తున్నాడు. నా నీడ నీళ్ల మీద పడగానే తలెత్తాడు.

"వచ్చావా, మంచిది" అన్నాడు. "ఈ మూల ఇక్కడ చిన్న పగులుంది. ఏటా నేను నింపుతాను. మీ మేస్త్రికి చెప్పు, లేకపోతే నీళ్లు పోతాయి."

నేను కూర్చుకున్న మాటలన్నీ నోట్లో ఉన్నాయి. "సరే, చెప్తాను" అన్నాను. వెనక్కి వచ్చేశాను.

ఇంతే. నేను చేసిన తప్పు ఇంతకంటే పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. ఒక్క వాక్యం చెప్పి ఉంటే సరిపోయేది.

వారం తిరక్కుండానే షేబా మేకలను కిందికి తోలుకుపోయాడు, నడి వేసవిలో. బిర్కా చుట్టూ ఇనుప కంచె వేశాం. ఆ కంచెకు తీగ కొన్నది నేనే, మంచి ధరకు. నీళ్లు వాడుకున్నాక గోడ కూల్చి తొట్టిని పూడ్చమని పటంలో ఉంది. మేస్త్రి పలుగు పెట్టి పొద్దంతా కొట్టించాడు. గార పెచ్చు కూడా ఊడలేదు.

"ఇది కట్టినోడు పనిమంతుడు సేటూ. కూలగొట్టనీకె నా చేతులు వస్తలేవు" అని పలుగు కింద పడేశాడు. చివరికి మేనేజరే, ఉండనీ, అందంగా ఉంది, అతిథులు చూస్తారు అని వదిలేశాడు.

మరుసటి వేసవి మొదట్లో మేకలు వచ్చాయి. ఎవరూ తోలుకు రాలేదు. ఓ పన్నెండు మేకలు కింద మంద నుంచి తప్పించుకొని, ఎండ ముదరగానే కాళ్లకు తెలిసిన దారిలో అంత కొండా ఎక్కి వచ్చాయి. కంచె దగ్గర వరుసగా నిలబడి లోపలి నీళ్ల వైపు చూస్తూ అరిచాయి. కూలీలు బకెట్లతో నీళ్లు పోశారు. మూడో రోజు షేబా వచ్చి వాటిని తీసుకెళ్లాడు. నేను స్టోరులో సిమెంటు బస్తాల వెనక ఏదో వెతుకుతున్నట్టు ఉండిపోయాను. వెతకడానికి అక్కడ ఏమీ లేదు.

హోటలు తెరిచే రోజు వచ్చింది. మస్కట్ నుంచి పెద్దవాళ్లు వస్తారు, విందుకు మేకలు కావాలి. శుక్రవారం పొద్దున నిజ్వా సంతకు నన్ను పంపారు. అక్కడ అమ్మేవాళ్లు మేకను తాడు పట్టుకొని గుండ్రంగా నడిపిస్తూ ధర అరుస్తుంటారు, కొనేవాళ్లు లోపలా బయటా నిలబడి పిలుస్తారు. ఆ గుండ్రంలో షేబాను చూశాను. ఒక చేత్తో రెండు తాళ్లు. ఆయన ధర అరవడం లేదు. అందరి మధ్యా నడుస్తున్నాడు, అంతే. ఎవరో ఆపి ఒక మేక పళ్లు చూసి, తక్కువకు అడిగారు. ఆయన తాడు ఇచ్చేశాడు. నాతో ఒక మేకకు అరగంట పోట్లాడే మనిషి. నేను స్తంభం వెనక్కి జరిగి, వేరే ఆయన దగ్గర, చెప్పిన ధరకు మేకలు కొనుక్కొని వచ్చాను. మేనేజరు ఆశ్చర్యపోయాడు. "ఏమైంది, ఒంట్లో బాగా లేదా?" అన్నాడు.

ఆ ఏడు సెలవులో ఇంటికి వెళ్లినప్పుడు నాయనకు ఈ కథ చెప్పాను. సగమే చెప్పాను. కాఫీ ముట్టలేదు, జాగా వచ్చింది, పైసా పోలేదు. ఆయన త్రాసు ఆపి, నోరు తెరుచుకొని విన్నాడు. ఆ పదిహేను రోజులూ దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు.

"చాయ్ ముట్టకుండ గుట్టనే కొట్టిండు మావోడు! నేను చెప్పిన మాటనే గది!"

నేను పక్కన కూర్చొని పొట్లాలు కట్టాను. మిగతా సగం ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. తర్వాత చెప్పే వీలు కూడా లేకుండా పోయింది.

కొన్నేళ్లకు కంపెనీ వదిలి, అల్ మవాలేలో చిన్న కిరాణా పెట్టుకున్నాను. మళ్లీ తూకం, మళ్లీ కౌంటరు. తొంభైల చివర్లో ఒకనాడు మేస్త్రి దుకాణానికి వచ్చాడు. ఇంటికి పూర్తిగా వెళ్లిపోతున్నాడు. "పోయే ముంగట ఒక్కసారి గా గుట్ట జూసొద్దాం సేటూ. ఇన్నేండ్లల్ల నేను కట్టినయన్నీ యాదికి లేవు గని, కూలగొట్టనిది యాదికున్నది" అన్నాడు.

తారు రోడ్డు పైదాకా వేశారు. గేటు, బోర్డు, పూలకుండీలు, కార్లు. బయలంతా రంగు రంగుల కుర్చీలు. పొదలు పీకి, కింద నుంచి మట్టి తెచ్చి, తుంపర్ల నీళ్లతో గడ్డి పెంచుతున్నారు, మేక అడుగు పెట్టడానికి వీల్లేని గడ్డి. అంత పచ్చగా ఆ కొండ ఎప్పుడూ లేదు. బిర్కా లోపల నీలం రంగు వేసి, మధ్యలో చిన్న దీపం పెట్టారు. మేస్త్రి గోడ చూడడానికి లోపలికి వెళ్లాడు. నేను వెళ్లలేదు. గేటు బయట, రోడ్డు పక్కన, షేబా కనబడ్డాడు.

రాయి మీద నాలుగు జంపఖానాలు పరిచి, పక్కన ఫ్లాస్కు పెట్టుకొని కూర్చున్నాడు. ఇంకా ఎండిపోయాడు. నన్ను వెంటనే గుర్తుపట్టి నా నెత్తి వైపు చూశాడు. "పూర్తిగా పోయాయే" అన్నాడు. భార్య ఎలా ఉందని అడిగాను. చూపు పోయిందట, కింద ఊళ్లో ఉందట. ఇవి ఆమె నేసిన ఆఖరువి. మేకలు? చెయ్యి ఊపాడు. ఇంట్లో పాలకు రెండున్నాయి.

ఆయన ఫ్లాస్కు మూత తీసి గిన్నెలో కాఫీ పోసి ఇచ్చాడు. గిన్నె చేతిలో పట్టుకొని, ఇన్నేళ్లుగా కూర్చుకున్న వాక్యం ఆఖరికి చెప్పాను.

"షేబా, ఆ రోజు నాకు తెలియదు."

"తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"నీకు తెలియదని. మేకల బేరానికి వచ్చినప్పుడు నా తిత్తి నీళ్లు కూడా ముట్టేవాడివి కాదు. నీ పద్ధతి అది."

"తెలిసి ఎందుకిచ్చావు?"

చెప్పడానికి ఏముంది అన్నట్టు నా వైపు చూశాడు. "కాఫీ కింద ఉంది. నీకు తెలియకపోతే ఏం, నాకు తెలుసు కదా. లోపల ఆమె చూస్తోంది."

నా చేతిలో గిన్నె ఉంది. పక్కన చదునుగా రాయి ఉంది. ముసలమ్మ చెప్పింది నాకు గుర్తుంది, తమ్ముణ్ని పోగొట్టుకున్నప్పుడు కూడా గిన్నె కింద పెట్టినవాళ్లను ఈయన క్షమించాడు. ఇప్పుడు నేను దీన్ని ఆ రాతి మీద పెడితే చాలు. ఏం కావాలి అని అడుగుతాడు. అడుగుతాను. తాగు, ఇచ్చాను అంటాడు. అనక తప్పదు ఆయనకు. మనసులో ఏమున్నా సరే, అనక తప్పదు.

నా చెయ్యి రాతి వైపు కొంచెం కదిలింది కూడా. పుట్టుబుద్ధి ఎక్కడికి పోతుంది?

గిన్నెను నోటి దగ్గరికి తెచ్చుకొని, పొగలు వస్తుండగానే, మొత్తం ఒక్కసారి తాగేశాను. నాలుక, గొంతు కాలి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మెల్లగా, మెల్లగా" అన్నాడు షేబా గిన్నె తీసుకొని, మళ్లీ నింపుతూ. "ఇంకా ఉంది."